చిత్తోడ్ కోటలో అసలు హీరో ఎవరు?

‘గైడ్’ (1965) సినిమాలో వహీదా రెహమాన్ ఆడుతూ పాడుతూ తిరిగిన పాతకోట గోడలు గుర్తున్నాయా? అదే చిత్తోడ్‌గఢ్. మన చిత్తూరు కాదండోయ్, రాజస్థాన్‌లోది!

కొండమీద దాదాపు 700 ఎకరాల కోట. మెలికల దారిలో ఏడు ద్వారాలు దాటితేగాని పైకి చేరలేం. అంత కట్టుదిట్టం చేసినా 1303లో, 1535లో, 1568లో శత్రువుల చేజిక్కింది.

వెళ్ళిన వాళ్ళంతా ముందు పరుగెత్తేది పద్మిని మహల్‌కే. నీళ్ళ మధ్య చిన్న మేడ, ఇవతల గదిలో అద్దం. అల్లావుద్దీన్ రాణి ప్రతిబింబాన్ని చూసింది ఇక్కడేనంటారు. పద్మిని కథను జాయసీ కావ్యంగా రాసింది 1540లో, అంటే ఆ ముట్టడి జరిగిన 237 ఏళ్ళకి! ఇప్పుడున్న మహల్ 19వ శతాబ్దంలో తిరిగి కట్టిందే. కథ బాగుంది, కాదనం. 2018లో ‘పద్మావత్’ సినిమా కూడా వచ్చింది.

కాని ఆ అద్దం మోజులో పడి విజయస్తంభం దగ్గర రెండు నిమిషాలైనా నిలబడకపోతే ఎలా? మాళవ సుల్తాన్‌పై గెలుపుకి గుర్తుగా రాణా కుంభా కట్టించింది. 1448లో పూర్తయింది. తొమ్మిది అంతస్తులు, 37 మీటర్ల ఎత్తు, ఒళ్ళంతా శిల్పాలే. ఐదో అంతస్తులో దాన్ని కట్టిన జైతా పేరు, పనిలో చెయ్యి కలిపిన ముగ్గురు కొడుకుల పేర్లు చెక్కి ఉన్నాయి, అచ్చం మన సినిమా టైటిల్స్‌లా!