నాన్న గెస్ట్‌గా వచ్చిన రెండు రోజులు

ఎండ, సముద్రం, నీలం రంగు ఈతకొలను... లగ్జరీ రిసార్టు అనగానే గుర్తొచ్చేవి ఇవే. ఆ సెలవును తెర వెనక నిలబడి తయారుచేసేవాళ్లూ ఉంటారు. దక్షిణ గోవాలో అలా పనిచేస్తున్న ఓ తెలుగమ్మాయి, తన ఇంట్లోవాళ్లనే అతిథులుగా పిలిచింది. ఏం జరిగిందో ఆమె మాటల్లోనే...

రిసార్టులో మొదటి రోజు. తెల్లారి ఆరింటికి మెలకువ వచ్చి చూస్తే నాన్న మంచం పక్కన నిలబడి దుప్పటి దులుపుతున్నాడు. తలగడలు వరసగా పేర్చేశాడు. వాడిన తువ్వాళ్లు మడతపెట్టి ఓ మూలన పెట్టాడు. బాత్‌రూమ్ నేల కూడా తుడిచేశాడని తర్వాత తెలిసింది.

‘ఏంటి నాన్నా ఇది? హౌస్‌కీపింగ్ వాళ్లు వస్తారుగా’ అన్నా.

‘వస్తారనేగా. మన మురికి ఇంకో పిల్ల ఎత్తడమేంటమ్మా!’

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే నాలుగేళ్ల కిందట ఇదే రిసార్టులో ఆ ‘ఇంకో పిల్ల’ను నేనే.

‘హోటల్లో పనా?’

మాది తూర్పుగోదావరి జిల్లా కడియం. నర్సరీలకు పేరున్న ఊరు. మాకు మాత్రం మొక్కల్లేవు, రోడ్డు పక్కన చిన్న టిఫిన్ కొట్టు ఉంది. నాన్న తెల్లవారుజామున మూడింటికి లేచి పొయ్యి వెలిగిస్తాడు. అమ్మ చట్నీలు చూసుకుంటుంది. ఇరవై రెండేళ్లుగా సంక్రాంతి మూడు రోజులూ తప్ప ఆ కొట్టు మూసింది లేదు. జ్వరం వచ్చినా మాత్ర వేసుకుని పెనం ముందు నిలబడే మనిషి మా నాన్న.

ఇంటర్ బైపీసీ అయ్యాక హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానన్నా. ఆయన అట్లకాడ పక్కన పెట్టి నావైపు చూశాడు. ‘నేను ఇన్నేళ్లూ ఎంగిలి ప్లేట్లు కడిగింది నువ్వూ అదే పని చెయ్యడానికా?’ అన్నాడు. నర్సింగ్ చెయ్యి, బీటెక్ చెయ్యి, ఏదైనా సరే, ఇది మాత్రం వద్దన్నాడు. పరీక్ష ఫీజు అమ్మ కట్టింది. ర్యాంకు వచ్చింది, హైదరాబాద్ ఐహెచ్‌ఎంలో సీటొచ్చింది. మూడేళ్లూ చుట్టాలెవరైనా ‘అమ్మాయి ఏం చదువుతోంది?’ అంటే నాన్న ‘డిగ్రీ’ అని ఊరుకునేవాడు.

రెండో ఏడాదిలో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ కోసం గోవా వచ్చా. నాలుగు నెలలు, నాలుగు విభాగాలు: హౌస్‌కీపింగ్, కిచెన్, ఫుడ్ అండ్ బెవరేజ్ సర్వీస్, ఫ్రంట్ ఆఫీస్. మొదటి వారంలో మంచం కింద దుప్పటి మూల సరిగ్గా మడవడం రాక పదకొండుసార్లు విప్పి మళ్లీ పరిచా. రాత్రి బూట్లు విప్పితే పాదాలు ఉబ్బిపోయి ఉండేవి. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే మర్నాడే నాన్న రైలెక్కేవాడు.

కోర్సు అయ్యాక అదే రిసార్టులో ఫ్రంట్ ఆఫీస్‌లో ఉద్యోగం ఇచ్చారు. చేతికొచ్చే మొదటి జీతం పద్దెనిమిది వేలు. ఉండటానికి స్టాఫ్ క్వార్టర్స్, డ్యూటీలో భోజనం వాళ్లదే. మా వీధిలో బీటెక్ చదివిన అమ్మాయి తొలి జీతంతో నాన్న దీన్ని పోల్చకుండా ఉండలేదు. ఫోన్ చేసినప్పుడల్లా చివరి మాట ఒకటే: ‘వచ్చెయ్యమ్మా.’

నిజం చెప్పాలంటే నేనూ వెళ్లిపోదామనే అనుకున్నా. పోయిన డిసెంబరు 31 రాత్రి పద్నాలుగు గంటలు నిలబడే ఉన్నా. గదిలోంచి సముద్రం పూర్తిగా కనబడటం లేదని ఒకాయన తన పిల్లల ముందే నా మీద అరిచాడు. క్షమించమని నవ్వుతూ చెప్పి, లాకర్ రూమ్‌లోకెళ్లి ఏడ్చా. ఆ వారమే నా రూమ్‌మేట్ మానేసి కాల్ సెంటర్‌లో చేరింది. నేనూ రాజీనామా లేఖ టైప్ చేసి ఫోన్‌లో పెట్టుకున్నా.

అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. మా దగ్గర ఏడాది పూర్తి చేసిన ఉద్యోగులకు, గదులు ఖాళీగా ఉన్న రోజుల్లో తక్కువ ధరకి కుటుంబాన్ని తెచ్చుకునే వీలుంది. నాన్నను ఒకసారి రప్పిద్దాం, తన కళ్లతో చూడనిద్దాం. ఆ తర్వాతే ఏ నిర్ణయమైనా తీసుకుందామనుకున్నా.

ముందు గేటు నుంచి

వానలు పూర్తిగా వెళ్లి, క్రిస్మస్ రద్దీ ఇంకా మొదలుకాని నవంబరులో వారం మధ్య రెండు రాత్రులు దొరికాయి. అమ్మ, నాన్న, తమ్ముడు రాజమండ్రిలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మడ్గావ్‌లో దిగారు. దారిలో రైల్లోంచే కనిపించే దూద్‌సాగర్ జలపాతం గురించి తమ్ముడు ఇప్పటికీ చెబుతున్నాడు.

రూల్ ప్రకారం ఆ రెండు రోజులూ నేను స్టాఫ్ కాదు, గెస్ట్‌ని. ఎప్పుడూ వెనక గేటు దగ్గర బ్యాగు తనిఖీ చేయించుకుని లోపలికెళ్లే నేను, తొలిసారి ముందు పోర్టికోలో దిగా. నా తోటి ఉద్యోగే అమ్మకి కొబ్బరినీళ్ల గ్లాసు అందించింది. అమ్మ చటుక్కున లేచి నిలబడి రెండు చేతులతో తీసుకుంది.

గది చూశాక నాన్న మొదటి ప్రశ్న, ‘రోజుకెంత?’ మామూలుగా 14,000, దాని మీద 18 శాతం జీఎస్టీ అని చెప్పా. ఆయన మనసులో లెక్క వేశాడు. ‘నలభై రూపాయల పెసరట్లు నాలుగొందల పదమూడు’ అన్నాడు. మేం కట్టింది 4,500. అద్దె 7,500 లోపు కాబట్టి పన్ను 5 శాతమే. అయినా ‘నూట పద్దెనిమిది పెసరట్లు’ అని తేల్చాడు.

బయట ఎండ బంగారంలా ఉంది. తమ్ముడు పూల్‌లో దూకాడు. తర్వాత సముద్రంలోకీ పరుగెత్తబోతే లైఫ్‌గార్డ్ ఈల వేసి ఆపాడు. ఎరుపు-పసుపు జెండాల మధ్యే దిగాలని, పూర్తి ఎర్రజెండా ఉంటే అసలు దిగకూడదని వాడికి అప్పుడే తెలిసింది. అమ్మ ఇసుకలో కూర్చుని అలల్నే చూస్తూ ఉండిపోయింది. నాన్న మాత్రం పడక కుర్చీలో పది నిమిషాలు కూడా ఉండలేకపోయాడు. లేచి తోటలో తిరగడం మొదలుపెట్టాడు. అక్కడ క్రోటన్లు పాదులు తీస్తున్న తోటమాలి కర్ణాటకవాడు. వచ్చీరాని హిందీలో కబుర్లయ్యాయి. కడియం పేరు చెప్పగానే అతను చెయ్యి పైకెత్తి ‘అక్కడి లారీ వస్తే మాకు పండగే’ అన్నాడట. ఆ మాట నాన్న ఆ రోజు నాలుగుసార్లు చెప్పాడు.

పెనం దగ్గర

రెండో రోజు బ్రేక్‌ఫాస్ట్ బఫే. ఎనభై రకాలున్నా నాన్న నేరుగా దోసె కౌంటర్ దగ్గరకెళ్లి నిలబడ్డాడు. అక్కడున్నది ఉత్తరాఖండ్ కుర్రాడు, చేరి మూడు నెలలు. దోసె పెనానికి అతుక్కుంటోంది. వెనక లైన్లో జనం. కుర్రాడికి చెమటలు.

నాన్న నెమ్మదిగా, ‘బాబూ, పెనం మరీ కాలింది. నీళ్లు చిలకరించి, సగం ఉల్లిపాయతో రుద్దు’ అన్నాడు. నేను హిందీలో చెప్పా. మూడో దోసె విరగకుండా లేచింది. అది చూసి సూ షెఫ్ వచ్చి నాన్నతో మాట కలిపారు. పెసలు ఎంతసేపు నానాలి, అల్లం ఎప్పుడు వెయ్యాలి అని అడిగి, సెల్‌ఫోన్‌లో రాసుకున్నారు.

ఆయన వెళ్లాక, ఆయనా ఒకప్పుడు ఇదే కౌంటర్ దగ్గర మొదలైన మనిషే అని నాన్నకు చెప్పా. కిచెన్‌లో మెట్లు అలాగే ఉంటాయి. ముందు కమీ-3, తర్వాత కమీ-2, కమీ-1, ఆపైన డెమీ షెఫ్, షెఫ్ డి పార్టీ, సూ షెఫ్, చివరికి ఎగ్జిక్యూటివ్ షెఫ్. ఈయనకు ఇక్కడిదాకా రావడానికి పన్నెండేళ్లు పట్టింది.

నాన్నకు ఆ మెట్ల కంటే వేరే సంగతి మీద ధ్యాస ఉంది. ‘అది సరే, ఆ కుర్రాడు ఎప్పుడు తింటాడు?’ అన్నాడు.

మేనేజర్ అనుమతి తీసుకుని ముగ్గుర్నీ స్టాఫ్ కేఫటేరియాకు తీసుకెళ్లా. స్టీలు బల్లలు, అన్నం, పప్పు, చేపల పులుసు. జనరల్ మేనేజర్ కూడా ప్లేటు పట్టుకుని లైన్లోనే ఉన్నారు. తిని లేచాక నాన్న గోడ మీది డ్యూటీ చార్టు ముందు ఆగాడు. నా పేరు వెతికి వేలు పెట్టి చూశాడు.

‘ఈ డబ్ల్యూవో ఏంటి?’

‘వీక్లీ ఆఫ్, నాన్నా.’

‘అందరికీనా? ఆ పెద్దాయనకీ?’

‘అందరికీ.’

ఆయన ఇంకేం అడగలేదు. చార్టు ముందు చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

ఈ రంగంలోకి రావాలంటే

నన్ను జూనియర్లు తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులివి.

అర్హత: ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే, ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా ఉండాలి. ఐహెచ్‌ఎంల డిగ్రీ ప్రవేశాలకు ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాయాలి. ఎన్‌టీఏ నిర్వహిస్తుంది. న్యూమరికల్ ఎబిలిటీ, రీజనింగ్, జీకే, ఇంగ్లిష్, సర్వీస్ రంగంలో ఆప్టిట్యూడ్ ఉంటాయి. ఇంగ్లిష్ మీద పట్టు ఉంటే సగం పని అయినట్టే.

ఎక్కడ: హైదరాబాద్ విద్యానగర్‌లో ఐహెచ్‌ఎం, గచ్చిబౌలిలో నిథమ్, తిరుపతిలో స్టేట్ ఐహెచ్‌ఎం ఉన్నాయి. డిగ్రీ దాకా వెళ్లలేనివారికి క్రాఫ్ట్ కోర్సులు, డిప్లొమాలు ఉన్నాయి. నీళ్లంటే ఇష్టమా? గోవాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ లైఫ్ సేవింగ్, పవర్ బోట్ కోర్సులు నేర్పుతుంది.

ఏ విభాగం: మనుషులతో మాట్లాడటం ఇష్టమైతే ఫ్రంట్ ఆఫీస్, చేతిపని ఇష్టమైతే కిచెన్. హౌస్‌కీపింగ్‌ను చిన్నచూపు చూడకండి. పక్క మీద ఒక సెట్టు, ఉతుకులో ఒకటి, స్టోర్‌లో ఒకటి చొప్పున వందల గదుల లినెన్ లెక్క తప్పకుండా నడపడం పెద్ద మేనేజ్‌మెంటే. రాత్రి డ్యూటీకి భయపడకపోతే నైట్ ఆడిట్‌లో అకౌంట్స్ బాగా వంటబడతాయి.

ముందే తెలుసుకోవాల్సినవి: పండగలకు ఊరంతా సెలవులో ఉంటే మనం డ్యూటీలో ఉంటాం. రెస్టారెంట్ విభాగంలో ‘బ్రేక్ షిఫ్ట్’ ఉంటుంది. పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం మళ్లీ నాలుగైదు గంటలు. మొదటి రెండేళ్లు జీతం తక్కువ. చేరేముందు వసతి, భోజనం, పీఎఫ్, వారపు సెలవు రాతపూర్వకంగా ఉన్నాయో లేదో చూసుకోండి. పది మంది లేదా అంతకు మించి పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ తప్పనిసరి. అందులో ఎవరున్నారో మొదటి వారంలోనే అడగండి.

విదేశాలకైతే: మాల్దీవులు, గల్ఫ్ రిసార్టుల పేరుతో లక్షలు అడిగే ఏజెంట్లు మన జిల్లాల్లో చాలామందే ఉన్నారు. విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల రుసుముకు గరిష్ఠ పరిమితి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూశాకే పాస్‌పోర్ట్ చేతిలో పెట్టండి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటే అసలు నమ్మొద్దు.

సోమవారం సెలవు

వెళ్లే రోజు పొద్దున నాన్న మళ్లీ ముందే లేచాడు. ఈసారి దుప్పటి ముట్టుకోలేదు. హౌస్‌కీపింగ్ అమ్మాయి వచ్చేదాకా ఆగి, కడియం నుంచి తెచ్చిన సున్నుండల డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. ‘మా అమ్మాయి కూడా ఈ పనే చేసింది’ అని తెలుగులోనే చెప్పాడు. ఆ పిల్లకు అర్థమైందో లేదో తెలీదు. ఆ మాట ఆయన నోట వినడం మాత్రం నాకు అదే మొదటిసారి.

స్టేషన్‌లో ‘వచ్చెయ్యమ్మా’ అంటాడేమోనని చూశా. అనలేదు. అలాగని మెచ్చుకోనూ లేదు. ‘కాళ్లకు మంచి బూట్లు కొనుక్కో’ అని రెండు వేలు చేతిలో పెట్టి రైలెక్కాడు.

నా రాజీనామా లేఖ ఇంకా ఫోన్‌లోనే ఉంది. డిలీట్ చెయ్యలేదు. ఈ డిసెంబరు 31న మళ్లీ ఎవరైనా అరిస్తే ఏమనిపిస్తుందో చెప్పలేను. కానీ వచ్చే నెలలో డ్యూటీ మేనేజర్ ట్రైనింగ్‌కి ఇంటర్వ్యూ ఉంది. దానికి పేరైతే ఇచ్చా.

పదిహేను రోజుల తర్వాత అమ్మ ఫోన్ చేసింది. వెనక పొయ్యి చప్పుడు లేదు, గిన్నెల చప్పుడూ లేదు. ఆరోగ్యం బాలేదేమోనని కంగారుపడ్డా.

‘అదేం లేదే, మీ నాన్న కొట్టుకి బోర్డు రాయించాడు, సోమవారం సెలవు అని. గిన్నెలు కడిగే కుర్రాడికి కూడా ఆ రోజు జీతం కోయడట. పొద్దున్నుంచీ ఏం చెయ్యాలో తెలీక వీధంతా తిరుగుతున్నాడు’ అంది.