మిర్చికి పట్టే బూజు.. కూర ఉడికినా పోని విషం! అసలేంటీ అఫ్లాటాక్సిన్?

సత్తుపల్లి: కల్లంలో ఎర్రగా ఆరబోసిన మిర్చి. సాయంత్రానికి మబ్బు పట్టింది. పట్టా కప్పేలోపే జల్లు కొట్టింది. మర్నాడు మళ్లీ ఎండ కాసింది, కాయ ఆరింది. పైకి చూస్తే ఏమీ కానట్టే ఉంటుంది. కానీ ఆ తడిలో కాయ లోపల బూజు మొదలైతే మాత్రం అసలు సమస్య అక్కడే ఉంది. ఆ బూజు వదిలే విషం తిరిగి ఎండబెట్టినా పోదు, గిర్నీలో కారం పట్టించినా పోదు, కూరలో ఉడికించినా పోదు. దాని పేరే అఫ్లాటాక్సిన్.

సత్తుపల్లి, పెనుబల్లి, కల్లూరు వైపు నుంచి ఖమ్మం యార్డు దాకా మిర్చి పండించే రైతుకు ఈ పేరు కొత్త కావొచ్చు గానీ భయం మాత్రం పాతదే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లోనూ భారీ వర్షాలు పడ్డాయి. అకాల వర్షం అనగానే రైతుకు ముందు గుర్తొచ్చేది ధర. రంగు పోయిన కాయ తాలు కింద లెక్క. తాలు అయ్యిందంటే రేటు పడిపోయినట్టే. అయితే తడిసిన కాయతో నష్టం జేబుకే కాదు, ఒంటికి కూడా అంటున్నాయి పరిశోధనలు.

బూజు వేరు.. విషం వేరు

ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ అనే బూజు ఉంది. నేలలో, దుమ్ములో, పంట చెత్తలో ఎక్కడైనా ఉంటుంది. వేడి, తేమ రెండూ దొరికితే పంటను పట్టుకుంటుంది. 25 నుంచి 35 డిగ్రీల వేడి దానికి హాయి. మన దగ్గర ఆ వేడికి కరువు లేదు కాబట్టి కావాల్సిందల్లా తేమే. మిర్చి, మొక్కజొన్న, పల్లీలు, పత్తి గింజలు దానికి ఇష్టమైన చోట్లు.

ఆ బూజు పెరుగుతూ ఒక రసాయనాన్ని వదులుతుంది. అదే అఫ్లాటాక్సిన్. బూజును దులిపేసినా, ఎండకు అది చచ్చిపోయినా, అప్పటికే గింజలోకి, కాయలోకి చేరిన రసాయనం అలాగే ఉంటుంది. రంగు ఉండదు, వాసన ఉండదు, రుచి కూడా తెలియదు. అందుకే కాయ బాగానే కనిపిస్తోంది కదా అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

లక్ష కోళ్లు చస్తే తెలిసింది

ఈ విషం సంగతి ప్రపంచానికి 1960లో తెలిసింది. ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. రోగం ఏంటో అర్థం కాక మొదట టర్కీ ఎక్స్ అని పేరు పెట్టారు. ఆరా తీస్తే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కను దాణాలో కలిపారని తేలింది. అందులో బూజు, ఆ బూజులో విషం. ఆస్పర్‌జిల్లస్‌లోని ‘అ’, ఫ్లావస్‌లోని ‘ఫ్లా’ కలిపి, విషం అనే అర్థం వచ్చే టాక్సిన్ చేర్చి అఫ్లాటాక్సిన్ అన్నారు.

ఇందులో ప్రధానంగా నాలుగు రకాలు. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసేవి బీ1, బీ2. ఆకుపచ్చగా మెరిసేవి జీ1, జీ2. అన్నిటికంటే ప్రమాదకరమైంది బీ1. క్యాన్సర్‌పై పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ అఫ్లాటాక్సిన్లను మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన మొదటి గ్రూపులో పెట్టింది. దెబ్బ ప్రధానంగా కాలేయం మీదే.

హైదరాబాద్ శాస్త్రవేత్తలు తేల్చిన నిజం

మనుషులకు ఇది ఎంత పని చేస్తుందో లోకానికి చూపించిన పరిశోధనల్లో ఒకటి హైదరాబాద్ నుంచే వెళ్లింది. 1974 చివర్లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ ప్రాంతాల్లో 150కి పైగా పల్లెల్లో జనం కామెర్లతో పడిపోయారు. పొట్టలో నీరు చేరి ఉబ్బిపోయింది. పల్లెల్లోని కుక్కలకూ అదే రోగం వచ్చింది. పరీక్షించిన 397 మంది రోగుల్లో 106 మంది చనిపోయారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్ శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్లి చూశారు. అక్కడి వాళ్ల ప్రధాన తిండి మొక్కజొన్న. కోతల వేళ అకాల వర్షాలు పడ్డాయి, నిల్వకు సరైన వసతి లేదు. తడిసిన కంకులే ఇంటికొచ్చాయి. వేరే తిండి లేదు కాబట్టి వాటినే తిన్నారు. ఆ గింజల్లో కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా అఫ్లాటాక్సిన్ దొరికింది. తిండి గింజల్లో ఇప్పుడు మన దేశంలో అనుమతించే పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములే. అంటే అక్కడ బయటపడింది 400 రెట్లకు పైమాటే. ఈ అధ్యయనం 1975లో లాన్సెట్ పత్రికలో వచ్చింది.

ఇలాంటిదే 2004లో కెన్యాలోనూ జరిగింది. అక్కడా మొక్కజొన్నే. 317 మంది జబ్బుపడితే 125 మంది చనిపోయారు.

మరి మన మిర్చి సంగతి?

1998, 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ప్రధాన మిర్చి యార్డులు, కోల్డ్ స్టోరేజీల నుంచి నమూనాలు సేకరించారు. హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో అమ్మే కారప్పొడి కూడా తీసుకున్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఎలైసా పద్ధతిలో పరీక్షించారు. మొత్తం 182 నమూనాల్లో 59 శాతంలో బీ1 ఉంది. 18 శాతంలో అనుమతి దాటి ఉంది. ఒక నమూనాలో ఏకంగా కిలోకు 969 మైక్రోగ్రాములు దొరికింది. అది మూడో గ్రేడు కాయ.

ఆ అధ్యయనంలో పరిమితి దాటినవి ఎక్కువగా ఉన్నది కూడా మూడో గ్రేడులోనే. రంగు పోయిన, పగిలిన, మచ్చలు పడిన కాయకే బూజు ముప్పు ఎక్కువన్నమాట. మొదటి రకం ఎగుమతికి పోతుంది, పరీక్షలు దాటుతుంది. తక్కువ రకం తక్కువ ధరకు పోతుంది. చవక కారం కొనుక్కునే ఇంటికే ముప్పు ఎక్కువ అన్న చేదు నిజం ఇందులో ఉంది. పైగా కాయగా ఉన్నప్పుడు చెడ్డదాన్ని ఏరొచ్చు. పొడి అయ్యాక అంతా ఒకటే ఎరుపు.

పరిమితి ఎంత? భయపడాలా?

సుగంధ ద్రవ్యాల్లో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకు 30 మైక్రోగ్రాములు, అందులో బీ1 ఒక్కటే 15 మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన దేశంలో నిబంధన. యూరప్‌లో ఇంకా కఠినం.. మొత్తం 10, బీ1 అయితే 5. అంకెలో చెబితే తెలియదు గానీ, టన్ను మిర్చిలో 30 మిల్లీగ్రాములు అంటే ఇంచుమించు ఒక బియ్యపు గింజంత బరువు. అంత చిన్న మోతాదు దాటితేనే సరుకు వెనక్కి వస్తుంది.

అలాగని రేపటి కూరకే కంగారు పడాల్సిన పని లేదు. మొక్కజొన్న కడుపునిండా తినేది, కారం చెంచాల్లో వేసుకునేది. పరిమితిలో ఉన్న కారం రోజుకు 10 గ్రాములు తిన్నా ఒంట్లోకి వెళ్లేది 0.3 మైక్రోగ్రాములే. 1974లో ఆ పల్లెల వాళ్లు రోజుకు 2 నుంచి 6 మిల్లీగ్రాములు తిని ఉంటారని అంచనా. అంటే వేల రెట్లు ఎక్కువ. కాకపోతే కారం మనం రోజూ తినేది, పుట్టిన దగ్గర్నుంచీ తినేది. చిన్న మోతాదు ఏళ్ల తరబడి చేరితేనే కాలేయ క్యాన్సర్ ముప్పు. హెపటైటిస్ బీ ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. పిల్లలకు హెపటైటిస్ బీ టీకా తప్పకుండా వేయించమని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

వండితే పోదా?

చాలామంది చేసే పొరపాటు ఇదే. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది, చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. ఆ తర్వాత పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం అదే నెల 30న ఏడాది పాటు నిషేధించింది. పచ్చి గుడ్డుతో భయం సాల్మోనెల్లా లాంటి బ్యాక్టీరియా. అది ప్రాణి, బాగా ఉడికిస్తే చస్తుంది. అఫ్లాటాక్సిన్ ప్రాణి కాదు, రసాయనం. అది పూర్తిగా విరగాలంటే సుమారు 240 డిగ్రీలు దాటాలి. మరిగే నీళ్లు 100 డిగ్రీలే. కాగే నూనె కూడా అంత దూరం పోదు.

పాలలోకి కూడా వస్తుంది. బూజు పట్టిన పత్తి చెక్క, పల్లి చెక్క, మొక్కజొన్న గేదెకు పెడితే ఆ విషం ఎం1గా మారి పాలలో దిగుతుంది. పాలు కాచినా పోదు. ‘మనం తినలేం, గొడ్డుకు పెడదాం’ అనుకుంటే అది తిరిగి పిల్లల గ్లాసులోకే వస్తుంది.

కల్లంలో ఏం చేయాలి?

విషం వచ్చాక తీసేయడం దాదాపు అసాధ్యం. రాకుండా చూడటమే మందు.

* కోసిన పండు మిర్చిని రోజుల తరబడి కుప్ప పోయొద్దు. కుప్పలో వేడి, చెమ్మ రెండూ పెరుగుతాయి.
* వట్టి నేల మీద కాకుండా టార్పాలిన్ పట్టా మీదో, సిమెంటు కల్లంలోనో పలచగా ఆరబోయాలి. తరచూ తిరగేయాలి.
* రాత్రి మంచు పడకుండా కప్పాలి. పొద్దున్నే తీసి గాలి తగలనివ్వాలి.
* కాయలో తేమ 11 శాతం దాటకూడదు.
* తాలు, పగుళ్లు, మచ్చలు ఉన్న కాయ మొదట్లోనే ఏరేయాలి. మంచి కాయలో కలిపితే మొత్తం సరుకుకే మచ్చ.
* బస్తాల్లో తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లే అలవాటు మానాలి. ఎండబెట్టిన కష్టమంతా అక్కడే పోతుంది.
* బస్తాలు నేలకు, గోడకు తగలకుండా చెక్కల మీద పేర్చాలి.

సత్తుపల్లి మండలం బుగ్గపాడులో మెగా ఫుడ్ పార్క్ ఉంది. పంటను ఇక్కడే ప్రాసెస్ చేసి అమ్మాలన్నది దాని ఉద్దేశం. బయటి దేశాలకు వెళ్లే సరుకైతే ల్యాబ్ పరీక్ష తప్పదు. అప్పుడు రంగు, ఘాటుతో పాటు కంటికి కనిపించని ఈ అంకె కూడా రైతు ధరను తేలుస్తుంది. పట్టా కొనడానికి పెట్టే ఖర్చు అక్కడ తిరిగొస్తుంది.

ఇంట్లో ఏం చూడాలి?

వీలైతే కాయ కొని, తొడిమ తీసి, రెండు మూడు కాయలు విరిచి చూడాలి. లోపల బూడిద రంగు బూజు, నల్లబడ్డ గింజలు, ముక్క వాసన ఉంటే వద్దు. పొడి కొంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరున్న ప్యాకెట్ తీసుకోవాలి. తడి చెంచా డబ్బాలో పెట్టొద్దు. ముడతలు పడ్డ, రంగు మారిన, చేదుగా ఉన్న పల్లీలు ఉమ్మేయాలే తప్ప వేయించి పచ్చడిలో వేయొద్దు.

తడిసిన పంటను పారేయడం ఏ రైతుకైనా కడుపు మండే పనే. ధర రాని కాయను ఇంటి అవసరానికి ఉంచుకోవడం పల్లెల్లో మామూలే. కానీ యార్డులో ఎవరూ కొనని బూజు కాయను ఇంట్లో పిల్లల కంచంలోకి రానివ్వకుండా ఆపగలిగేది మాత్రం ఆ ఇంటివాళ్లే.