తాతగారింటి ఆటపెట్టె

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లోనూ హిజ్లీ చుట్టుపక్కలా తెలుగు మాట వినబడటం కొత్తేమీ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచే ఉత్తరాంధ్రవాళ్లు ఉద్యోగాల కోసం ఇక్కడికి వచ్చారు. రిటైరయ్యాక ఇక్కడే స్థిరపడిన తాతయ్యల ఇళ్లకు మనవలు సెలవుల్లో ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మనలో చాలామంది ఇక్కడి నుంచి ఆంధ్రకు రైలెక్కుతాం. ఎవరు ఎటు వెళ్లినా రెండో రోజుకల్లా వచ్చే మాట ఒకటే: "ఏం తోచట్లేదు." వెంటనే తాతయ్య బజారుకు వెళ్లి బ్యాటరీ కారు తెస్తారు. నాలుగు రోజుల్లో అది మూలపడుతుంది. మరి ఆ ఇంట్లో ఎలాంటి ఆటవస్తువులు ఉంటే బాగుంటుంది?

మొదటి సంగతి, అవి అక్కడే ఉండిపోయేవి కావాలి. బదిలీ అయినప్పుడల్లా మన సామాను పెట్టెల్లోకి ఎక్కుతుంది. కొన్ని విరుగుతాయి, కొన్ని ఎవరికో ఇచ్చేస్తాం. తాతగారింటి అటకకు మాత్రం బదిలీ ఉండదు. అందుకే పది చవక బొమ్మలకన్నా పదేళ్లు మన్నే రెండు మేలు.

రెండోది, ఆ ఆటలో పెద్దవాళ్లకూ చోటుండాలి. బ్యాటరీ కారుకు ఒక్క మనిషి చాలు. మామ్మ చూస్తూ కూర్చోవాలి. అష్టాచెమ్మాకు అలా కాదు. నేల మీద సుద్దముక్కతో అయిదు వరుసల్లో ఇరవై అయిదు గళ్లు గీసి, నాలుగు గవ్వలు తెస్తే నలుగురు ఆడొచ్చు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. వామనగుంటలకు పద్నాలుగు గుంటల చెక్క, గుప్పెడు చింతగింజలు చాలు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని పంచుకుంటూ పోవడమే. ఈ ఆటల్లో మామ్మే గురువు. బడిలో హిందీ, ఇంగ్లీషు, వీధిలో బెంగాలీ మాట్లాడే పిల్లవాడు ఇక్కడ తెలుగులో లెక్కపెట్టాలి, తెలుగులోనే పోట్లాడాలి. "తెలుగు నేర్చుకో" అని కూర్చోబెడితే రాని మాటలు "నా కాయ పండింది!" అని అరిచేటప్పుడు వాటంతటవే వస్తాయి. తాతయ్యతో కుశలప్రశ్నలు అయిపోయాక ఏం మాట్లాడాలో తోచని పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు.

మూడోది, అందరిలోకీ చిన్నవాడు ఎవరో చూసుకోవాలి. మూడేళ్లలోపు పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. గవ్వలు, చింతగింజలు, గోళీలు గొంతుకు అడ్డుపడే సైజువి. సుమారు మూడు సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పట్టేసే వస్తువేదైనా వాళ్లకు ప్రమాదమే. గుండీల్లాంటి చిన్న బ్యాటరీలు మరీ ప్రమాదం. మింగితే కొద్ది గంటల్లోనే లోపల కాలిన పుండ్లు పడతాయి. అలా జరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాబట్టి ఆటపెట్టెలు రెండు ఉంచండి. చంటివాళ్లది కింద, గవ్వలూ గింజలూ ఉన్నది పై అరలో. ఆట అయ్యాక గింజలు లెక్కపెట్టి పైన పెట్టే బాధ్యత ఇంటికొచ్చిన పెద్ద పిల్లలదే.

చంటివాళ్ల పెట్టెలోకి ఏటికొప్పాక లక్కబొమ్మలు బాగుంటాయి. హౌరా–చెన్నై లైనులో వెళ్లేవాళ్లు ఎలమంచిలి స్టేషను చూసే ఉంటారు. ఏటికొప్పాక దానికి దగ్గరే, వరాహ నది ఒడ్డున, అనకాపల్లి జిల్లాలో ఉంది. మెత్తని అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు నునుపుగా పట్టుకుంటుంది. మొనలు, అంచులు లేకుండా గుండ్రంగా ఉంటాయి. చెట్ల నుంచి తీసిన రంగులను ఈ పనిలోకి మళ్లీ తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. కొనేటప్పుడు సహజరంగులేనా అని అడగండి. ఊడివచ్చే చిన్న ముక్కలున్నవి చంటివాళ్లకు వద్దు. కొండపల్లి బొమ్మల సంగతి వేరు. తేలికైన తెల్లపొణికి కర్రతో చేసి, విడి భాగాలను అతికి, రంగులు వేస్తారు. అవి కొలువులో చూసి ఆనందించడానికి. చంటివాడి చేతికిస్తే విరుగుతాయి.

ఫ్యాక్టరీ బొమ్మ కొంటే ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి. నమోదైన చేతివృత్తులవాళ్లు చేసే బొమ్మలకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. అందుకే లక్కబొమ్మ మీద ఆ గుర్తు లేకపోతే నకిలీ అనుకోనక్కర్లేదు. రంగు, అంచులు, చిన్న ముక్కలు మనమే చూసుకోవాలి.

ఈసారి టికెట్లు బుక్ అవగానే మామ్మకో అమ్మమ్మకో ఫోన్ చేసి, చిన్నప్పుడు ఏం ఆడేవారో అడగండి. గవ్వలు దొరక్కపోతే చింతగింజలను ఒకవైపు అరగదీసి వాడొచ్చని ఆవిడే చెబుతారు. ఆ గింజలు అరగదీయడంతోనే సెలవుల ఆట మొదలవుతుంది.