ఎబోలా: ఉత్త చేతులతో రక్తం తీసిన కాంగో డాక్టర్.. ఎవరీ ముయెంబే?

ఎబోలా అంటే ప్రపంచం ఇప్పటికీ వణుకుతుంది. ఆ రోగుల దగ్గరికి మొదట వెళ్లిన శాస్త్రవేత్తల్లో ఒకరైన జాన్-జాక్ ముయెంబే పేరు మాత్రం చాలా ఏళ్లు వినిపించలేదు. ఎందుకంటే రోగం కాంగోలో, దాన్ని తేల్చే ల్యాబ్ బెల్జియంలో!

అది 1976. కాంగోను అప్పట్లో జైర్ అనేవారు. యంబుకు అనే ఊళ్లోని మిషన్ ఆస్పత్రిలో అంతుచిక్కని జ్వరంతో జనం చనిపోతున్నారు. బెల్జియంలో వైరాలజీ చదివొచ్చిన ముయెంబే అక్కడికి వెళ్లారు. మొదట టైఫాయిడ్ అనుకున్నారు. గ్లౌజుల్లేవు. సూది తీసినా రక్తం ఆగలేదు, వేళ్లన్నీ తడిసిపోయాయి. సబ్బుతో కడుక్కున్నారు, అంతే. ఆయనకు సోకకపోవడం అదృష్టమనే చెప్పాలి.

జబ్బుపడిన ఒక నన్‌ను ఆయన రాజధాని కిన్షాసాకు తీసుకెళ్లారు. ఆమె బతకలేదు. రక్తం శాంపిల్ మాత్రం థర్మాస్ ఫ్లాస్కులో బెల్జియం చేరింది. అక్కడా, ఆ తర్వాత అమెరికా ల్యాబులోనూ చూస్తే తేలింది.. ఇది కొత్త వైరస్ అని. పేరు ఆ ల్యాబులకు వచ్చింది. ఆ విడతలో 318 మందికి సోకితే 280 మంది చనిపోయారు.

మరి టెస్టు ఎందుకంత కీలకం? మొదట్లో ఎబోలా అచ్చం మలేరియాలానే ఉంటుంది. రిపోర్టు వచ్చేలోపు రోగి మామూలు వార్డులోనే ఉంటే నర్సులకూ, ఇంట్లోవాళ్లకూ అంటుకుంటుంది.

1995లో కిక్విట్ పట్టణంలో ఎబోలా మళ్లీ విరుచుకుపడింది. కోలుకున్నవాళ్ల రక్తాన్ని ముయెంబే బృందం 8 మంది రోగులకు ఎక్కించింది. ఏడుగురు బతికారు. పోల్చి చూసే గ్రూప్ లేదు కాబట్టి ఇది రుజువు కాదన్నారు కొందరు నిపుణులు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. కానీ ఆయన ఆ దారి వదల్లేదు. కిక్విట్‌లో బతికి బయటపడిన ఒకరి రక్తం నుంచే తర్వాత ఒక యాంటీబాడీ మందు తయారైంది. 2018లో తూర్పు కాంగోలో మొదలైన ట్రయల్స్‌లో అది పనిచేసింది. ఒంట్లో వైరస్ తక్కువగా ఉన్నప్పుడే ఇస్తే పదిమందిలో దాదాపు తొమ్మిది మంది బతికారు. అంటే మందు ఎంత ముఖ్యమో, త్వరగా టెస్టు చేయడమూ అంతే ముఖ్యం. 2020 డిసెంబరులో అమెరికా ఆ మందుకు అనుమతి ఇచ్చింది.

ఆ 2018 విడతకల్లా సీన్ మారింది. కిన్షాసాలో ముయెంబే నడిపిన ఐఎన్ఆర్‌బీ సంస్థ, వైరస్ ఉన్న ప్రాంతాల్లోనే ల్యాబులు పెట్టి కొన్ని గంటల్లో రిజల్ట్ ఇచ్చింది. శాంపిల్స్ కాంగోలోనే ఉండాలని, పరిశోధించాలనుకునే విదేశీయులే అక్కడికి రావాలని ఆయన పట్టుబట్టారు.