పెద్ద ప్యానెల్ వచ్చింది... మరి మేడమ్‌కు తోడెవరు?

ఉర్దూ మీడియం హైస్కూల్లో పదో తరగతి జీవశాస్త్రం పీరియడ్ నడుస్తోందనుకుందాం. మొక్కలు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో చెప్పాలి. గోడకు పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెల్ ఉంది. కరెంటు ఉంది, నెట్ కూడా ఉంది. మేడమ్ వీడియో కోసం వెతకడం మొదలుపెట్టారు. తెలుగు మీడియం టీచర్ అయితే ‘కిరణజన్య సంయోగక్రియ’ అని కొడితే చాలు, వరుసగా వీడియోలు వచ్చి పడతాయి. ఈమె పుస్తకంలో ఉన్న మాట ‘జియాయీ తాలీఫ్’. ఆ మాటతో దొరికేవి తక్కువ. దొరికినవాటిలో కూడా చాలావరకు పాకిస్తాన్ సిలబస్‌వి. సరే, హిందీ వీడియో పెడదామంటే మాటలు పిల్లలకు బాగానే అర్థమవుతాయి గానీ అందులో ‘ప్రకాశ్ సంశ్లేషణ్’ అంటారు. ఆ పదం పిల్లల పుస్తకంలో లేదు, పబ్లిక్ పరీక్ష పేపర్లో రాదు.

అనుభవం ఉన్న టీచర్ ఇక్కడ ఏం చేస్తారు? వీడియో సౌండ్ తీసేస్తారు. తెరమీద బొమ్మలు కదులుతుంటే పుస్తకంలోని పదాలతో, తన మాటల్లో చెబుతారు. మధ్యలో ఆపి ‘ఈ మొక్కను రెండు రోజులు చీకట్లో పెడితే ఏమవుతుంది?’ అని అడుగుతారు. చూడ్డానికి చిన్న పనే. కానీ తరగతి గదిలో టెక్నాలజీ వాడటమంటే అసలు ఇదే. ప్యానెల్‌ను ఎలా ఆన్ చేయాలి, పెన్ను రంగు ఎలా మార్చాలి అని చెప్పే ఒక్కరోజు శిక్షణలో ఈ పని రాదు.

అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన పున్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ 2006లో ఈ సంగతినే ఒక సిద్ధాంతంగా రాశారు. టీచర్‌కు సబ్జెక్టు తెలియాలి, చెప్పే పద్ధతి తెలియాలి, పరికరం వాడటం తెలియాలి. ఈ మూడూ విడివిడిగా ఉంటే సరిపోదు, ఒకదానితో ఒకటి కలిసిన చోటే పాఠం పండుతుంది అన్నది వారి మాట. మన దగ్గర శిక్షణలు ఎక్కువగా మూడోదాని దగ్గరే ఆగిపోతున్నాయి. కంప్యూటర్ తెలిసినవాళ్లు వచ్చి కంప్యూటర్ గురించి చెప్పి వెళ్తారు. ఆ పరికరంతో భిన్నాలు ఎలా చెప్పాలో, రసాయన సమీకరణాలు ఎలా చెప్పాలో అడిగితే జవాబు ఉండదు.

ట్యాబ్ ఎవరి చేతికి ఇచ్చారన్నదే తేడా

టెక్నాలజీ ఇస్తే పిల్లల చదువు దానంతటదే బాగుపడుతుందన్న ఆశకు పెద్ద పరీక్ష పెరూ దేశంలో జరిగింది. అక్కడి ప్రభుత్వం పిల్లలకు లక్షల సంఖ్యలో చిన్న లాప్‌టాప్‌లు పంచింది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు 319 ప్రాథమిక పాఠశాలలను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. లెక్కల్లో గానీ, భాషలో గానీ మార్కులు పెరిగిన ఆధారం దొరకలేదు. యంత్రం అందింది, దాన్ని పాఠంతో కలిపే మనిషికి అందాల్సిన సాయం అందలేదు.

ఇంకా సూటిగా చెప్పే ఉదాహరణ పాకిస్తాన్‌లోని పంజాబ్ రాష్ట్రం నుంచి వచ్చింది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో రెండు రకాలుగా ప్రయత్నించారు. ఒకచోట లెక్కలు, సైన్స్ టీచర్లకు చిన్నచిన్న వీడియో పాఠాలు నింపిన ట్యాబ్ ఇచ్చి, తరగతిలో ఒక ఎల్‌ఈడీ తెర పెట్టారు. ఏ వీడియో ఎప్పుడు వేయాలి, ఎక్కడ ఆపాలి అన్నది టీచర్ చేతిలోనే ఉంది. కొన్ని నెలల్లోనే పిల్లల మార్కులు పెరిగాయి. మరోచోట ట్యాబ్‌లు నేరుగా పిల్లల చేతికే ఇచ్చారు. అక్కడ మార్కులు పెరగడం అటుంచి, తగ్గాయి. 2022లో ప్రచురితమైన ఆ అధ్యయనం పేరులోనే సారాంశం ఉంది. టీచర్లను కలుపుకున్న టెక్నాలజీ చదువును పెంచింది, టీచర్లను దాటిపోయిన టెక్నాలజీ పెంచలేదు.

మన రెండు రాష్ట్రాల్లోనూ పరికరాలు తక్కువేమీ రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో 8వ తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు ట్యాబ్‌లు ఇచ్చారు. ఆ తర్వాత నాడు-నేడు కింద బాగుపడిన స్కూళ్లకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. తెలంగాణలో కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ల ద్వారా పాఠాలు నడిచాయి. కొందరు టీచర్లు వీటిని ఎంతో చక్కగా వాడుకుంటున్నారు. మరికొన్ని చోట్ల ప్యానెల్ మీద గుడ్డ కప్పి, ఆగస్టు 15న దేశభక్తి పాటల కోసం తీస్తున్నారు. ఆ రెండు రకాల స్కూళ్లకూ వచ్చిన పరికరం ఒకటే.

ఉర్దూ మీడియం టీచర్‌కు అదనపు బరువు

కేంద్రం 2017 సెప్టెంబర్ 5న, టీచర్స్ డే నాడు, దీక్షా వేదికను ప్రారంభించింది. పాఠ్యపుస్తకం పేజీలో ఉన్న క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో, ప్రశ్నలు తెరుచుకుంటాయి. ఇంట్లో లేదా వైఫై ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకుంటే తరగతిలో నెట్ లేకపోయినా నడుస్తాయి. ఈ చివరి సంగతి చాలామంది టీచర్లకు ఎవరూ చెప్పలేదు. అందుకే సొంత ఫోన్ డేటా ఖర్చుపెట్టి, సిగ్నల్ కోసం కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడటం కనిపిస్తుంది.

ఉర్దూ మీడియంలో కష్టం ఇంకో మెట్టు ఎక్కువ. ఉర్దూ రాతలో పెద్ద భాగం ఏళ్ల తరబడి ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే సాగింది. 1994లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ నస్తాలీఖ్ లిపిని కంప్యూటర్ మీద అందంగా చూపించింది. పెళ్లి కార్డు నుంచి పత్రిక దాకా అన్నీ దాంట్లోనే తయారయ్యాయి. చిక్కు ఎక్కడంటే, దాని పాత వెర్షన్లు యూనికోడ్ వాడవు. ఓ సీనియర్ ఉస్తాద్ పదేళ్లు కష్టపడి తయారుచేసుకున్న ప్రశ్నపత్రాలు, నోట్సు ఆ ఫైళ్లలో ఉంటే, వాటిని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. వెతికితే దొరకవు, ఫోన్లో చదవలేరు. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒకసారి పక్కన కూర్చుని చూపిస్తే గంటలో వచ్చేసే పని. చూపించేవాళ్లు లేకపోతే పదేళ్ల శ్రమ ఆ పాత కంప్యూటర్‌తోనే పోతుంది.

లెక్కల టీచర్ బాధ వేరు. ఉర్దూ వాక్యం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, సమీకరణం ఎడమ నుంచి కుడికి. రెండూ ఒకే స్లైడ్‌లో టైప్ చేస్తే బ్రాకెట్లు తారుమారవుతాయి, మైనస్ గుర్తు అటు పోవాల్సింది ఇటు వస్తుంది. పేరాగ్రాఫ్ దిశ మార్చే బటన్ ఒకటి ఉంటుంది, సమీకరణాన్ని వేరే పెట్టెలో రాసుకోవచ్చు. అదీ కుదరకపోతే ఇంకో తేలిక దారి ఉంది. కాగితం మీద చేత్తో శుభ్రంగా రాసి, ఫోన్‌తో ఫోటో తీసి తెరమీద చూపించడం. దీన్ని తక్కువగా చూడాల్సిన పనిలేదు. పిల్లాడికి లెక్క అర్థమైతే చాలు, స్లైడ్ అందంగా ఉందా లేదా అని ఎవరూ మార్కులు వేయరు.

ఈ విషయంలో హైదరాబాద్‌కు ఒక అదృష్టం ఉంది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మీడియం టీచర్ల వృత్తి శిక్షణకే ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉంది. ఉర్దూలో పాఠాల వీడియోలు తయారుచేసే మీడియా సెంటర్ కూడా ఉంది. జిల్లాల్లో పనిచేసే టీచర్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు మాత్రం అంత ఎక్కువమంది ఉండరు.

శిక్షణ ఎక్కడ జారిపోతోంది?

మన శిక్షణలు మెట్లు దిగే నీళ్లలా ఉంటాయి. రాష్ట్ర స్థాయిలో కొందరికి చెబుతారు, వాళ్లు జిల్లాకు, జిల్లావాళ్లు మండలానికి. స్కూల్లో పాఠం చెప్పే టీచర్ దగ్గరకు వచ్చేసరికి ఐదు రోజుల విషయం ఒక పూటకు కుదించుకుపోతుంది. 2020లో నిష్ఠా శిక్షణ ఆన్‌లైన్‌లోకి వచ్చాక ఆ మెట్లు తగ్గాయి. ప్రతి టీచర్ తన ఫోన్లోనే మాడ్యూళ్లు చూడొచ్చు. కానీ వీడియోను పక్కన నడవనిచ్చి, చివర్లో సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టే ముందు వాళ్ల ఫోన్ వైపు ఒకసారి చూడాలి. అటెండెన్స్ ఒక యాప్, మధ్యాహ్న భోజనం ఒక యాప్. ఆంధ్రప్రదేశ్‌లో ఒక దశలో మరుగుదొడ్ల ఫోటోలు కూడా అప్‌లోడ్ చేయాల్సి వచ్చింది. డిజిటల్ అంటే పైవాళ్లకు లెక్క చెప్పడమే అన్నట్టు తయారైనప్పుడు, అదే ఫోన్‌తో పాఠం బాగా చెప్పొచ్చన్న ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుంది?

1980లలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు అమెరికన్ విద్యావేత్తలు శిక్షణల మీద చాలా పని చేశారు. ఉపన్యాసం విని, డెమో చూసి వెళ్లిన టీచర్లలో కొద్దిమందే తరగతిలో ఆ పద్ధతిని కొనసాగిస్తున్నారని గమనించారు. అదే స్కూల్లో తోటి టీచర్ ఒకరు తోడుండి, ఒకరి క్లాసు ఒకరు చూసుకుంటూ మాట్లాడుకుంటే ఆ పద్ధతి నిలబడుతోంది. బైక్ నేర్పేవాళ్లు వెనక పట్టుకుని పదడుగులు పరిగెత్తినట్టే ఇదీ.

కేరళ చేసింది కూడా ఇలాంటిదే. 2001లో మొదలైన ఐటీ@స్కూల్ ప్రాజెక్టు, 2017లో కైట్ అనే సంస్థగా మారింది. అక్కడ శిక్షణ ఇచ్చే మాస్టర్ ట్రైనర్లను బయటి కంపెనీల నుంచి తేలేదు, పనిచేస్తున్న టీచర్లలోంచే తీసుకున్నారు. ప్రతి హైస్కూల్లో ఐటీ బాధ్యత ఒక టీచర్‌కు అప్పగించారు. లైసెన్స్ డబ్బులు కట్టనక్కర్లేని ఉచిత సాఫ్ట్‌వేర్‌నే వాడారు. 2018 నుంచి ‘లిటిల్ కైట్స్’ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టి, కొన్ని సాంకేతిక పనులు పిల్లలకే నేర్పారు. 8 నుంచి 12 వరకు 45,000 తరగతి గదులను హైటెక్‌గా మార్చింది ఈ పునాది పడ్డాకే. కేరళలో అంతా సవ్యంగా ఉందని కాదు. కానీ అక్కడ ప్రొజెక్టర్ మొరాయిస్తే టీచర్‌కు ఎవరిని పిలవాలో తెలుసు. మన దగ్గర చాలా స్కూళ్లలో ఆ ఒక్క ప్రశ్నకే జవాబు లేదు.

అమ్మీ, అబ్బా ఏం అడగొచ్చు?

‘మన పిల్లల స్కూల్లో డిజిటల్ క్లాస్ ఉందా?’ అని అడిగితే ఉందనే చెబుతారు. దానికన్నా ‘పోయిన వారం ఏ పాఠానికి వాడారు మేడమ్?’ అని అడగడం మంచిది. నిలదీసినట్టు అడిగితే మాత్రం పని చెడుతుంది. జవాబు రాకపోతే ‘ఏం ఇబ్బంది వస్తోంది?’ అన్నది రెండో ప్రశ్న కావాలి. చాలాసార్లు బయటపడేది చిన్న విషయమే. స్విచ్‌బోర్డు దూరంగా ఉంటుంది, హెచ్‌డీఎంఐ కేబుల్ పోయి ఉంటుంది, వెలుతురు పడి తెర కనిపించదు, కర్టెన్ ఉండదు. పాస్‌వర్డ్ తెలిసిన టీచర్ బదిలీ అయిపోయి ఉంటారు.

వీటికి చట్టంలో ఒక దారి ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. కమిటీ మొత్తంలో సగం మంది మహిళలు. స్కూలు అభివృద్ధి ప్రణాళిక రాసే బాధ్యత కూడా ఈ కమిటీదే. ఆ ప్రణాళికలో ‘రంగులు, గేటు, నీళ్ల ట్యాంకు’ పక్కన ‘టీచర్లకు వారంలో ఒక పీరియడ్ కలిసి పాఠం తయారుచేసుకునే సమయం’ అని ఒక లైను రాయించొచ్చు. డబ్బు ఖర్చయ్యే పని కాదు, టైమ్‌టేబుల్ సర్దుబాటు. మైనారిటీ ఎయిడెడ్ స్కూళ్లలో 2012 సవరణ తర్వాత ఈ కమిటీ సలహాలకే పరిమితం. ప్రైవేట్ అన్‌ఎయిడెడ్ స్కూళ్లకు ఈ నిబంధనే లేదు. అక్కడ మేనేజ్‌మెంట్‌తో మాట్లాడుకోవడమే మార్గం.

ఇంకో జాగ్రత్త పిల్లల ఫోటోల గురించి. డిజిటల్ క్లాస్ జరిగిందని చూపించడానికి ఆడపిల్లల ఫోటోలు, వీడియోలు పెద్ద పెద్ద వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం చాలాచోట్ల మామూలైపోయింది. 18 ఏళ్లలోపు పిల్లల డిజిటల్ సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం చెబుతోంది. తెర ఫోటో తీస్తే చాలు, ముఖాలు అక్కర్లేదని టీచర్‌కు మెల్లగా చెబితే ఎక్కువమంది వింటారు.

ప్రతి బస్తీలోనూ బీటెక్, ఎంసీఏ చదివిన పిల్లలు నలుగురైదుగురు ఉంటారు. అదే ఉర్దూ మీడియం స్కూల్లో చదివి వెళ్లినవాళ్లు కూడా ఉంటారు. హెడ్‌మాస్టర్ అనుమతితో శనివారం సాయంత్రం ఒక గంట వాళ్లు స్కూలుకు వెళ్లొచ్చు. మేడమ్ ఫోన్లో యూనికోడ్ ఉర్దూ కీబోర్డు పెట్టడం, పాత ఇన్‌పేజ్ ఫైళ్లు మార్చడం, దీక్షా వీడియోలు పెన్‌డ్రైవ్‌లోనో ఫోన్లోనో దాచడం లాంటివి చేసిపెట్టొచ్చు. వెళ్లేవాళ్లు ఉపన్యాసం ఇవ్వకుండా, ‘సోమవారం ఏ పాఠం మేడమ్?’ అని అడిగి ఆ ఒక్క పాఠంతో మొదలుపెడితే సరి. పదం ‘జియాయీ తాలీఫ్’ అయితే ఆ పదమే తెరమీద కనిపించేలా చూడాలి.