వ్యాయామానంతరాహారము

బరువులెత్తుచున్న గడియలోనే కండలు పెరుగునని పలువురు తలంతురు. అది నిజము కాదు. ఆ సమయమున కండరములకు కలుగునది శ్రమయే కాని పుష్టి కాదు. కండరమనగా సన్నని పోగుల కట్ట. అలవాటునకు మించిన బరువును మోసినపుడు ఆ పోగులు గట్టిగా బిగిసి, కొన్నిచోట్ల స్వల్పముగా చెడును. ఆ బిగువే ప్రేరణగా శరీరము పిమ్మట వానిని బాగుచేసికొని, మునుపటికంటె కొంచెము దళసరిగా కట్టుకొనును. ఈ పని ఒకటి రెండు దినములు సాగుచుండును. ఇల్లు కట్టుటకు ఇటుకయు సున్నమును వలసినట్లే దీనికిని సరకులు కావలెను. అవి మనము తిను అన్నమునుండియే రావలెను.

మొదట నీరు. కండరములో నూటికి 75 వంతులు నీరే. వ్యాయామమునకు ముందును వెనుకను తూచుకొన్నచో చెమటగా పోయిన నీరెంతయో తెలియును. ఒక కిలో తగ్గినచో లీటరు మొదలు లీటరున్నర వరకు, ఒక్కుమ్మడిగా కాక కొంచెము కొంచెముగా త్రాగవలెను. చెమటతో ఉప్పును పోవును గావున ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మేలు. మన వేసవికి దానిని మించిన పానీయము లేదని నా యభిప్రాయము.

బరువులెత్తుటలో కండరములందు నిలువయుండు గ్లైకోజన్ అను పిండిపదార్థము తరుగును. అన్నము, జొన్నరొట్టె, రాగిసంకటి, అరటిపండు దానిని మరల నింపును.

ఇక మాంసకృత్తులు. కండ కట్టుటకు ముఖ్యమైన సరకు ఇదియే. బరువులెత్తువారికి దేహపు బరువులో కిలోకు దినమునకు 1.2 మొదలు 1.6 గ్రాముల వరకు వలయును. 50 కిలోల బాలునకు 60 మొదలు 80 గ్రాములన్నమాట. ఇది పెద్ద లెక్కగా తోచవచ్చును. కాని చూడుడు: 300 గ్రాముల బియ్యమునందు సుమారు 20 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పు లేక పెసలయందు 22, అరలీటరు పాలయందు 16, 50 గ్రాముల వేరుసెనగలయందు 12, వెరసి 70. ఇందు కోడిగ్రుడ్డైనను చేరలేదు. గ్రుడ్డు తినువారికి ఒక్కొక్కదానివలన మఱి 6 గ్రాములు లభించును.

బియ్యమునందు లైసిన్ అను అంశము కొఱత, పప్పునందది పుష్కలము. పప్పునందు తక్కువగు మెథియోనిన్ బియ్యమునందు తగినంత కలదు. ఒకదాని లోటు మఱియొకటి తీర్చును. ఈ పేరులు తెలియకయే మన పెద్దలు పప్పును అన్నమును కలిపి వడ్డించిరి. మాంసము ముట్టనివారు బలవంతులు కాజాలరా యని యడుగువారు కలరు. వీరఘట్టమున జన్మించి కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తి నాయుడు శాకాహారియని ప్రసిద్ధి. రొమ్మునకు చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగబట్టి తెంచినవాడాయన!

వ్యాయామము ముగిసిన అరగంటలోపల తినకున్నచో శ్రమ యంతయు వ్యర్థమని కొందఱు భయపెట్టుదురు. అంత తొందర యక్కఱలేదు. రెండు గంటలలోపల చక్కని భోజనము చేసిన చాలును. దినమంతటి ఆహారమును మూడు నాలుగు పూటలకు సమముగా పంచుకొనుట అంతకంటె ముఖ్యము. పచ్చిగ్రుడ్డు బలకరమనుటయు పొరపాటే. ఉడికిన గ్రుడ్డులోని మాంసకృత్తులు పచ్చిదానిలోనివానికంటె ఎంతో బాగుగా జీర్ణమగును. పచ్చిదానివలన రోగక్రిముల భయమును కలదు.

అంగళ్లలో అమ్ము పొడిడబ్బాలను గూర్చి మీరు వినియుందురు. వానిలో పెక్కింటియందుండునది పాలు విరిచినపుడు వేరగు తేటలోని మాంసకృత్తులే. అది విషము కాదు, మంత్రమును కాదు. నేనెఱిగిన యొక బాలుడు ఫలహారమునకు తల్లి యిచ్చిన పైకమును కూడబెట్టి యట్టి డబ్బా కొనెను. కొని, ఇక నిదియే చాలునని రాత్రి భోజనము మానెను. నెల తిరుగునప్పటికి బుగ్గలు పీక్కుపోయి, నిన్న ఎత్తిన బరువు నేడెత్తలేని వాడయ్యెను. వాని తల్లి పొడిని అటకపై బెట్టి, పూటపూటకు పప్పన్నమును, పడుకొనబోవునపుడు గ్లాసెడు పాలును ఇయ్యసాగెను. రెండు నెలలలో వాడు కోలుకొనెను.

మరునాడు ఒడలు నొచ్చినచో వెఱవ నక్కఱలేదు. రెండు మూడు దినములలో తగ్గును. అంతవరకు ఆ కండరములకే మరల బరువు పెట్టరాదు. రాత్రి 8 గంటలకు తక్కువ కాకుండ నిద్రింపవలెను. మూత్రపిండముల జబ్బు కలవారు మాత్రము వైద్యునడుగక మాంసకృత్తులను హెచ్చింపరాదు.