వేరుశెనక్కాయలో సమోసా: ఒక పాత మాజ్దా ఇంజను మరమ్మతు

మా గరాజులో 1988 నాటి మాజ్దా ఆర్ఎక్స్-7 ఒకటుంది. లక్షా నలభై వేల మైళ్ళు తిరిగిన బండి. పొద్దున్నే తాళం తిప్పగానే మేల్కొనేది. దారిలో గ్యాసు పోయించుకుందామని అయిదు నిమిషాలు ఆపితే మాత్రం, ఇక ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదలయ్యేది. బ్యాటరీ మార్చమన్నవారు కొందరు, స్పార్కు ప్లగ్గులు మార్చమన్నవారు కొందరు. మా ఆవిడ "అమ్మేయండి" అంది. తీరా చూస్తే రోగం ఇంజను లోపలే ఉంది. అదేమిటో చెప్పాలంటే ముందు ఈ ఇంజను సంగతి కొంచెం చెప్పుకోవాలి.

మామూలు కార్లలో పిస్టన్లు రోకళ్ళలా పైకీ కిందికీ ఆడతాయి. ఆ ఆటని క్రాంకు షాఫ్టు తిరుగుడుగా మారుస్తుంది. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ అనే ఆయనకి ఈ దంపుడు వ్యవహారం నచ్చలేదు. ఆయన ఊహలోంచి పుట్టిన తిరుగుడు ఇంజను 1957లో మొదటిసారి నడిచింది. మాజ్దా వారు దాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి, 1967లో కాస్మో స్పోర్ట్ కారులో పెట్టి అమ్మారు.

రెండు గింజల వేరుశెనక్కాయని నిలువుగా చీల్చి లోపలి గోడ చూడండి. మధ్యలో నడుము కొద్దిగా నొక్కుకుని ఉంటుంది కదా? ఇంజను గది ఆకారం అదే. అందులో మూడు పక్కలా ఉబ్బిన సమోసా లాంటి ఇనప దిమ్మ ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాని మూడు కొసలూ ఎప్పుడూ గోడని రాసుకుంటూనే ఉంటాయి. కనుక దిమ్మకీ గోడకీ మధ్య మూడు గదులు ఏర్పడి, తిరుగుతున్నకొద్దీ పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. పెరిగేటప్పుడు గాలీ పెట్రోలూ లోపలికి వస్తాయి, తరిగేటప్పుడు నలుగుతాయి, మండుతాయి, పొగై పోతాయి. కవాటాలు లేవు, కామ్ షాఫ్టు లేదు. దిమ్మ ఒక్క చుట్టు తిరిగేలోపు షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది.

లెక్కలంటే సరదా ఉన్నవారికి ఒక చిన్న లెక్క. షాఫ్టు మీద దిమ్మ కేంద్రం ఎంత పక్కకి జరిగి ఉందో ఆ దూరం 1.5 సెంటీమీటర్లు, కొసల వ్యాసార్ధం 10.5, దిమ్మ మందం 8. ఈ మూడింటినీ హెచ్చవేసి, దాన్ని 5.196 తో (అంటే 3 వర్గమూలానికి మూడు రెట్లు) హెచ్చవేస్తే సుమారు 654 ఘన సెంటీమీటర్లు వస్తుంది. ఇలాంటి దిమ్మలు రెండు కనుక 1308. ఇంజను కాగితాల మీద ఉండే అంకె ఇదే.

ఇక రోగం. దిమ్మ కొసల్లో గాడి తీసి, 2 మిల్లీమీటర్ల మందమున్న లోహపు పట్టీని, వెనక స్ప్రింగులతో, బిగిస్తారు. గోడని రాసుకునేది ఆ పట్టీయే. పక్కలకి వేరే పట్టీలు, మూలలకి చిన్న బిళ్ళలు. ఇవి అరిగితే నలిగిన గాలి పక్క గదిలోకి జారిపోతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కగా ఉండి సందుల్ని పూడుస్తుంది. వేడెక్కాక నూనె పలచబడి సందులు బయటపడతాయి. నా బండి గ్యాసు స్టేషనులో మొండికెయ్యడానికి కారణం ఇదన్నమాట. ఒకసారి నడక అందుకుంటే గాలి ఒత్తిడే పట్టీలని గోడకి అదుముతుంది కాబట్టి దారిలో ఏమీ తెలియదు.

దీన్ని పట్టుకోవడం తేలికే. ఒక ప్లగ్గు తీసి ఒత్తిడి కొలిచే గేజి పెట్టి, లోపలి చిన్న వాల్వు తీసేసి, ఇంజను తిప్పితే ముల్లు ఎగిరి పడుతూ ఉంటుంది. మూడు ఎగుళ్ళూ సమానంగా ఉండాలి. నా ముందు దిమ్మకి "డబ్, డబ్, తుస్" అని వచ్చింది.

అమ్మడమా, విప్పడమా? పాతబండికి కొత్త ఇంజను దొరకడం కష్టం, పనివాడు అడిగినది బండి వెల కన్నా ఎక్కువ. విప్పుదామనే నిశ్చయించాను. మొదటి అడ్డంకి ఫ్లైవీలు నట్టు. 54 మిల్లీమీటర్ల నట్టది! పొడుగాటి గొట్టం తగిలించి, ఇద్దరం వేలాడితే గాని కదల్లేదు.

ఇంజను అయిదు పొరల శాండ్‌విచ్. మూడు ఇనప పలకలు, వాటి మధ్య రెండు అల్యూమినియం గదులు. ఆ గదుల లోపలి గోడకి క్రోమియం పూత ఉంటుంది. అసలు తీర్పు ఇక్కడ జరుగుతుంది. పట్టీలు కొత్తవి వెయ్యచ్చు, పూత పెచ్చులూడితే మాత్రం గది మార్చాల్సిందే. చాలామంది డబ్బు మిగులుతుందని ఇక్కడే కక్కుర్తి పడతారు. పెచ్చులూడిన గోడ మీద కొత్త పట్టీ ఎన్నాళ్ళుంటుంది? నా వెనక గది బాగానే ఉంది, ముందుది అంచున ఊడింది. ఒకటి కొన్నాను.

పక్క పట్టీలు కొంచెం పొడుగ్గా వస్తాయి. ఆకురాయితో రాసి, మూల బిళ్ళకీ వాటికీ మధ్య 0.05 నుంచి 0.15 మిల్లీమీటర్ల సందు, ఇంచుమించు ఒక వెంట్రుక మందం, వదలాలి. ఇలాంటివి పన్నెండు. ఎక్కువ రాస్తే ఆ పట్టీ పారెయ్యడమే. మూడు సాయంత్రాలు పట్టింది, రెండు పారేశాను. కూర్చేటప్పుడు అన్నీ జారి పడకుండా వాజలైను పూస్తారు. ఇంత ఘనమైన యంత్రానికి చంటిపిల్లల మందు!

చివర్లో ఒక పొరపాటు చేశాను. షాఫ్టు ముందు కొసన సూదుల బేరింగు ఒకటుంది. బోల్టు బిగించేలోగా షాఫ్టు వెనక్కి జరిగితే అది చోటు తప్పి నలుగుతుంది. బిగించాక షాఫ్టు ముందువెనకలకి ఆడే సందు 0.04 నుంచి 0.07 మిల్లీమీటర్లు ఉండాలి. నాకు ఆ కొలత రాలేదు. "ఫరవాలేదులే" అనుకోబోయి, మళ్ళీ విప్పాను. బేరింగు నలిగి ఉంది. మార్చి, ఈసారి షాఫ్టుని కదలనివ్వకుండా బిగించాను.

మొదటిసారి నడిపినప్పుడు లోపలి వాజలైనంతా కాలి వీధంతా తెల్లటి పొగ. పక్కింటాయన బయటికొచ్చి చూసి, లోపలికి పోయాడు. వెయ్యి మైళ్ళ దాకా నాలుగు వేల చుట్లు దాటించలేదు. ఈ ఇంజను పట్టీల కోసం తనే కొంచెం నూనె తాగుతుంది కనుక వారం వారం నూనె చూడటం అలవాటు చేసుకున్నాను.

మొన్న ఎండలో అరవై మైళ్ళు నడిపి గ్యాసు స్టేషనులో ఆపాను. ట్యాంకు నింపి, డబ్బులిచ్చి వచ్చి తాళం తిప్పాను. రెండో చుట్టుకే అందుకుంది.